ఒక జనాభాలో ఒక వైరస్ రకం ప్రబలితే, అది ఆ జనాభాకు తగినట్టు మారినట్టేనా?

రాఘవ_కర్నూలు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠంలో ప్రకృతి వరణం దగ్గరికి వచ్చేసరికి, మా జిల్లా పిల్లలు 2021 వేసవిలో వార్తల్లో మారుమోగిన ఎన్440కె సంగతి తప్పకుండా ఎత్తుతారు. కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజిన్ బదులు లైసిన్ వచ్చి చేరిన ఆ రకం కర్నూలులో బయటపడిందని, మామూలు రకం కంటే పదిహేను రెట్లు తీవ్రమైనదని అప్పట్లో టీవీ ఛానెళ్లు హోరెత్తించాయి. "సార్, అంటే వైరస్ మనకు తగ్గట్టు మారిందా?" అన్నది పిల్లల ప్రశ్న.

దాన్ని కాస్త విస్తరించి ఇక్కడ పెడుతున్నాను. ఒక ప్రాంతపు ప్రజలలో ఒక వైరస్ రకం ఎక్కువగా కనబడితే, ఆ ప్రజల జన్యువులలోనో, వారి రోగనిరోధక స్థితిలోనో, వారు వాడే మందులలోనో ఉన్న వరణ ఒత్తిడి (ఒక రకానికి మేలు, మరొకదానికి కీడు చేసే పరిస్థితి) దానిని ఎంపిక చేసిందని చెప్పవచ్చునా? వేర్వేరు జనాభాలలో మానవ వైరస్‌లు వేర్వేరు దారుల్లో పరిణామం చెందుతాయనడానికి, అనుమానాలకు తట్టుకుని నిలిచిన రుజువు ఏదైనా ఉందా?

లెక్కల_మాస్టారు (న్యూజెర్సీ)

రాఘవ గారూ, ఒక రకం ఒక చోట ఎక్కువగా కనబడటం దానంతట అది వరణానికి రుజువు కాదు. మొదట వచ్చిన ఒకరిద్దరు ఏ రకాన్ని మోసుకొచ్చారు, వారి నుంచి ఒక పెళ్లిలోనో ఒక వార్డులోనో ఎంతమందికి సోకింది అన్న యాదృచ్ఛిక విషయాలే చాలాసార్లు దానిని నిర్ణయిస్తాయి. ఫౌండర్ ప్రభావం అంటే ఇదే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) 2020లో వెల్లడించిన ఎ3ఐ అనే శాఖను చూడండి. అప్పటికి అందుబాటులో ఉన్న భారతీయ జన్యుక్రమాలలో దాదాపు 41 శాతం దానివే కావడంతో, దానిని మన దేశపు ప్రత్యేక రకమని చాలామంది అనుకున్నారు. కొన్ని నెలలు తిరగకముందే డి614జి ఉత్పరివర్తనం (జన్యు మార్పు) ఉన్న ఎ2ఎ శాఖ వచ్చి దానిని పక్కకు నెట్టేసింది. ముందుగా వచ్చి విస్తరించడం వల్ల దొరికిన ఆధిక్యం, పోటీ ఎదురుకాగానే పోయింది.

మీ ఎన్440కె విషయం ఇంకా ఆసక్తికరమైనది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలలో ఆ రకం మిగిలిన వాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వైరస్‌ను ఉత్పత్తి చేసిందని చూపినది సీసీఎంబీ శాస్త్రవేత్తలే. అయితే 2021 మే నెలలో, టీవీలు దానిని భూతంలా చూపిస్తున్న రోజుల్లోనే, ఆ రకం అప్పటికే తగ్గిపోతున్నదని, బి.1.617 (డెల్టా ఇందులోదే), బి.1.1.7 (ఆల్ఫా) శాఖలు దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నాయని అదే సంస్థ స్పష్టం చేసింది. గాజు పాత్రలోని కణాలలో గెలిచిన రకం మనుషుల మధ్య ఓడిపోయింది. తమాషా ఏమిటంటే, 2021 నవంబరులో ఆఫ్రికా దక్షిణ భాగంలో గుర్తించిన ఒమిక్రాన్‌లో అదే ఉత్పరివర్తనం మళ్లీ కనిపించింది. అప్పటికి ప్రపంచంలో అత్యధికులకు టీకా వల్లనో, సోకడం వల్లనో యాంటీబాడీలు వచ్చి ఉన్నాయి, వాటిలో కొన్నింటి నుంచి తప్పించుకోవడానికి 440వ స్థానంలోని మార్పు పనికొస్తుంది. కానీ ఒమిక్రాన్ స్పైక్‌లో ముప్పైకి పైగా మార్పులు ఉన్నప్పుడు, విజయంలో ఒక్కదాని వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు.

మందుల ఒత్తిడి విషయంలోనూ తొందరపడకూడదని ఇన్‌ఫ్లుయెంజా నేర్పింది. 2008 జనవరిలో నార్వేలో సీజనల్ హెచ్1ఎన్1 నమూనాలను పరీక్షిస్తే, దాదాపు మూడింట రెండు వంతుల వైరస్‌లు హెచ్275వై ఉత్పరివర్తనం వల్ల ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందుకు లొంగనివని తేలింది. నార్వేలో ఆ మందు వాడకం అత్యల్పం. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఆ మందును వాడే జపాన్‌లో అదే సీజన్‌లో ఇలాంటి వైరస్‌లు 3 శాతానికి లోపే ఉన్నాయి. మందుల ఒత్తిడే కారణమైతే లెక్క తలకిందులుగా ఉండాలి. తర్వాత 2010లో జెస్సీ బ్లూమ్, ఆయన సహచరులు అసలు సంగతి చూపారు. హెచ్275వై వల్ల న్యూరమినిడేజ్ ప్రోటీన్ కణం ఉపరితలానికి సరిగా చేరక వైరస్ బలహీనపడేది. అంతకుముందే ఆ వంశంలో వేరే కారణాల వల్ల స్థిరపడిన ఆర్222క్యూ, వి234ఎం అనే రెండు మార్పులు ఆ లోటును పూడ్చివేశాయి. అప్పటి నుంచి మందుకు లొంగకపోవడానికి వైరస్ చెల్లించే మూల్యం దాదాపు లేకుండా పోయింది, మంచి వంశంలో పుట్టిన కారణంగా ఆ లక్షణం దానితోపాటు ప్రపంచమంతా చుట్టివచ్చింది. 2008-09 సీజన్ నాటికి ఆ రకపు వైరస్‌లలో ఇంచుమించు అన్నీ అలాంటివే.

అందువల్ల నా సలహా ఒక్కటే. "ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ" అన్న పోలిక నుంచి నేరుగా "ఎంపిక జరిగింది" అన్న మాటకు దూకకండి.

సుభద్ర_వి

మాస్టారు గారి జాగ్రత్త సరైనదే. అయితే రాఘవ గారి రెండో ప్రశ్నకు సమాధానం ఉంది. నేను కొంతకాలం దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో హెచ్‌ఐవీ పరిశోధన బృందంతో పనిచేశాను కనుక, ఆ వైరస్‌తోనే చెబుతాను.

మన కణాల ఉపరితలం మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. కణం లోపల తయారవుతున్న ప్రోటీన్ల చిన్న ముక్కలను ఇవి పట్టుకుని బయటికి చూపుతాయి. ఆ ముక్క వైరస్‌దైతే సీడీ8 టి-కణాలు దానిని గుర్తించి, సోకిన కణాన్ని చంపివేస్తాయి. మనిషి జన్యువులలో అత్యధిక వైవిధ్యం ఉన్నవి హెచ్‌ఎల్‌ఏ జన్యువులే, ఏ హెచ్‌ఎల్‌ఏ రకం ఎంత శాతం మందిలో ఉంటుందో జనాభాను బట్టి మారుతుంది. వైరస్ వైపు నుంచి చూస్తే, ఒక్కో హెచ్‌ఎల్‌ఏ రకం వైరస్‌లోని ఒక్కో నిర్దిష్ట భాగం మీద గురిపెట్టిన ఒత్తిడి అన్నమాట.

హెచ్‌ఎల్‌ఏ-బి*57 ఉన్నవారిలో హెచ్‌ఐవీ చాలాకాలం అదుపులో ఉంటుంది. ఈ అణువు వైరస్ గ్యాగ్ ప్రోటీన్‌లో 240 నుంచి 249 వరకు ఉన్న ముక్కను చూపుతుంది. తప్పించుకోవడానికి వైరస్ 242వ స్థానంలో థ్రియోనిన్‌ను ఆస్పరజిన్‌గా మార్చుకుంటుంది. ఆ మార్పు తేరగా రాదు. వైరస్ కవచానికి చెందిన ఆ భాగం దెబ్బతిని, వైరస్ వృద్ధి వేగం తగ్గుతుంది. ఈ మారిన వైరస్ బి*57 లేని వ్యక్తికి సోకినప్పుడు, అక్కడ ఆ ఒత్తిడి లేదు గనుక, కొంతకాలానికి 242లో మళ్లీ థ్రియోనిన్ వచ్చేస్తుంది. ఈ తిరోగమనాన్ని 2004లో స్పష్టంగా నమోదు చేశారు. ఒత్తిడి ఉన్నప్పుడు ఒక దిశలో, లేనప్పుడు ఎదురు దిశలో జరిగే మార్పును యాదృచ్ఛికమని కొట్టివేయలేం కదా.

లెక్కల_మాస్టారు (న్యూజెర్సీ)

సుభద్ర గారూ, ఒక వ్యక్తి శరీరంలో జరిగేదాని గురించి నాకు పేచీ లేదు. జనాభా స్థాయికి వచ్చినప్పుడే చిక్కు. 2002లో ఆస్ట్రేలియాలోని పెర్త్ బృందం, 473 మంది రోగుల హెచ్‌ఐవీ జన్యుక్రమాలను వారి హెచ్‌ఎల్‌ఏ రకాలతో సరిపోల్చి, పలు స్థానాలలో వైరస్ మార్పులకూ హెచ్‌ఎల్‌ఏకూ సంబంధం ఉందని ప్రకటించింది. ఐదేళ్ల తర్వాత అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన తన్మయ్ భట్టాచార్య, తదితరులు వైరస్ వంశవృక్షాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, అలాంటి సంబంధాలలో చాలావరకు ఫౌండర్ ప్రభావంతోనే వివరించదగినవని తేలింది. ఒకే జాతి మూలాలున్న వారు ఒకే హెచ్‌ఎల్‌ఏ రకాలను పంచుకుంటారు, తరచుగా తమలో తామే సంబంధాలు పెట్టుకుంటారు కనుక ఒకే వైరస్ వంశాన్నీ పంచుకుంటారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఎంపిక లేకున్నా సంబంధం పుట్టుకొస్తుంది. ఈ అడ్డంకిని దాటిన జనాభా స్థాయి రుజువు చూపండి.

సుభద్ర_వి

తప్పకుండా. ఆ విమర్శ వల్లే ఈ రంగం బాగుపడింది, ఆ తర్వాతి అధ్యయనాలన్నీ వంశవృక్షాన్ని సరిచూసుకునే లెక్కలు కట్టాయి.

2009లో ఐదు ఖండాలకు చెందిన తొమ్మిది బృందాల నుంచి 2,800 మందికి పైగా వ్యక్తుల వివరాలతో ఒక పరిశోధన వెలువడింది. హెచ్‌ఎల్‌ఏ-బి*51 అనే రకం రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే హెచ్‌ఐవీ ఎంజైమ్‌లోని 128 నుంచి 135 వరకు ఉన్న ముక్కను చూపుతుంది, 135వ స్థానంలోని ఐసోల్యూసిన్‌ను మరొకదానితో మార్చుకుంటే వైరస్ తప్పించుకుంటుంది. 242లో చెప్పిన దానికి భిన్నంగా ఈ మార్పుకు వైరస్ చెల్లించే మూల్యం చాలా తక్కువ. అందుచేత బి*51 లేనివారికి సోకినా అది వెనక్కి రాకుండా అలాగే పేరుకుపోతుంది. ఏ జనాభాలో బి*51 ఎంత ఎక్కువగా ఉందో, అక్కడ తిరుగుతున్న వైరస్‌లలో, బి*51 లేని వారిలో సైతం, ఈ మార్పు అంత ఎక్కువగా ఉందని తేలింది. ఇలాంటి పొంతన ఒక్క స్థానంలో కాక అనేక స్థానాలలో కనబడింది.

మాస్టారు గారు కోరిన పరీక్షకు దగ్గరగా వచ్చేది జపాన్ భాగం. అక్కడ బి*51 చాలా సాధారణం. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులకు అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్‌ఐవీ సోకింది. అంటే జపనీయుల హెచ్‌ఎల్‌ఏను ఇంకా ఎదుర్కోని వైరస్ వారిలో ప్రవేశించింది. ఆ తరంలో బి*51 లేనివారిలో 135వ స్థానపు మార్పు అరుదుగా ఉండేది, బి*51 ఉన్నవారికి అది రక్షణ ఇచ్చేది. ఆ తర్వాతి దశాబ్దాలలో అక్కడ కొత్తగా సోకినవారిలో ఈ మార్పు ఎక్కువమందిలో కనబడింది, బి*51 వల్ల కలిగే మేలు కరిగిపోయింది. ఒకే దేశం, ఒకే హెచ్‌ఎల్‌ఏ, రెండు కాలాలు. నా దృష్టిలో మొత్తం సాహిత్యంలో ఇంతకంటే నచ్చజెప్పే ఉదాహరణ లేదు.

చిట్టిబాబు_తణుకు

ఇదంతా చదివాక నాకొక సందేహం. వైరస్ ఇలా మనకు తగినట్టు మారుతూ పోతే, చివరికి మెత్తబడుతుందనే కదా అర్థం? కూర్చున్న కొమ్మను ఎవరూ నరుక్కోరు. మనిషిని చంపితే వైరస్‌కూ దిక్కు లేదు కనుక, కాలం గడిచేకొద్దీ ప్రతి వైరస్ సాధువవుతుందని చాలామంది డాక్టర్లు చెప్పగా విన్నాను.

సుభద్ర_వి

చిట్టిబాబు గారూ, ఆ మాట వినసొంపుగా ఉంటుంది గాని, వైరస్‌కు ముందుచూపు లేదు. ఈరోజు ఎక్కువమందికి చేరిన రకమే రేపు ఎక్కువగా ఉంటుంది, రోగి క్షేమం ఆ లెక్కలోకి వచ్చినప్పుడే వస్తుంది.

మీ అభిప్రాయానికి కొంత బలమిచ్చే ఉదాహరణ బోట్స్‌వానా. అక్కడా, డర్బన్‌లోనూ ఉన్నది సబ్‌టైప్ సి (హెచ్‌ఐవీ ఉపరకాలలో ఒకటి) వైరసే. కానీ బోట్స్‌వానాలో మహమ్మారి ముందుగా మొదలై, మరింత ఎక్కువమందికి పాకింది. 2014లో రెండు చోట్లనూ పోల్చిచూస్తే, బోట్స్‌వానా వైరస్ అక్కడి హెచ్‌ఎల్‌ఏ రకాలకు ఎక్కువగా సర్దుకుని ఉంది. డర్బన్‌లో రక్షణ ఇస్తున్న బి*57, బి*58:01 బోట్స్‌వానాలో ఆ రక్షణ ఇవ్వడం మానేశాయి. మరోవైపు, తప్పించుకునే మార్పులకు మూల్యం చెల్లించిన ఫలితంగా అక్కడి వైరస్ వృద్ధి సామర్థ్యం సగటున తగ్గింది. అంటే ఒకే పరిణామం మంచి హెచ్‌ఎల్‌ఏ ఉన్నవారికి నష్టం, మిగిలినవారికి కొంత లాభం. చికిత్స కూడా ఇందులో పాత్రధారి అని అదే పరిశోధన గణిత నమూనాతో చూపింది. సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) పడిపోయినవారికే ముందుగా మందులిచ్చే రోజుల్లో, వేగంగా వృద్ధి చెందే వైరస్ ఉన్నవారే ముందుగా చికిత్సలోకి వచ్చేవారు, దానితో ఆ వైరస్‌లు ఇతరులకు సోకే అవకాశం తగ్గేది.

ఎదురు దిశలోని ఉదాహరణ నెదర్లాండ్స్‌ది. 2022 ఫిబ్రవరిలో అక్కడి 109 మందిలో వీబీ అనే సబ్‌టైప్ బి వంశాన్ని గుర్తించినట్టు ప్రకటించారు. చికిత్స మొదలుకాకముందు వారి రక్తంలో వైరల్ లోడ్ (వైరస్ పరిమాణం) ఇతరుల కంటే మూడున్నర నుంచి ఐదున్నర రెట్లు ఎక్కువ, సీడీ4 కణాలు పడిపోయే వేగం రెట్టింపు. మందులు మాత్రం వారికీ మామూలుగానే పనిచేశాయి. ప్రపంచంలోని అత్యుత్తమ వైద్యసదుపాయాలలో ఒకటి ఉన్న దేశంలో, 1990లలో, మరింత తీవ్రమైన రకం పుట్టి విస్తరించింది.

ఈ రెండింటికీ ఒకే వివరణ ఉంది. వైరల్ లోడ్ మరీ ఎక్కువైతే రోగి త్వరగా క్షీణించి, ఇతరులకు సోకే కాలం తగ్గుతుంది, మరీ తక్కువైతే ఒక్కో కలయికలో సోకే అవకాశమే తగ్గుతుంది. జాంబియా, ఆమ్‌స్టర్‌డామ్ వివరాలతో 2007లో క్రిస్టఫ్ ఫ్రేజర్ బృందం కట్టిన లెక్క ప్రకారం, మధ్యస్థంగా ఉన్న వైరల్ లోడే మొత్తం మీద ఎక్కువమందికి సోకుతుంది. ఆ మధ్యస్థం కంటే కింద ఉన్న రకం తీవ్రమవుతుంది, పైన ఉన్నది మెత్తబడుతుంది.

భారతి_ఏఆర్‌టీ (గుంటూరు)

చర్చ జన్యువుల చుట్టే తిరుగుతోంది. హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే మా వంటి వారికి రోజూ ఎదురయ్యే వరణ ఒత్తిడి మందులది, అందులోనూ జనాభాల మధ్య తేడాలు ఉన్నాయి.

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా, ప్రసవ సమయంలో తల్లికి ఒకే ఒక్క నెవిరపిన్ మాత్ర ఇచ్చే పద్ధతి ఉగాండాలో 1999లో ఫలితమిచ్చింది, మన దేశంలోనూ చాలాకాలం నడిచింది. ఎందరో బిడ్డలను అది కాపాడిందన్న విషయంలో సందేహం లేదు. అయితే ఆ మందు రక్తంలో చాలా రోజులు ఉంటుంది, ఒంటరిగా ఉంటుంది, దానిని ఓడించడానికి వైరస్‌కు ఒక్క ఉత్పరివర్తనం చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత తల్లులను పరీక్షిస్తే, మందుకు లొంగని వైరస్ సబ్‌టైప్ ఎ ఉన్నవారిలో 19 శాతం, డి ఉన్నవారిలో 36 శాతం, మలావీలో సబ్‌టైప్ సి ఉన్నవారిలో 69 శాతం మందిలో కనబడింది. ఒకే మాత్ర ఇచ్చినా వైరస్ వంశాన్ని బట్టి ఫలితం ఇంతగా మారింది. మన దేశంలో ప్రధానంగా ఉన్నది సబ్‌టైప్ సి కావడం వల్ల ఇది మనకు దూరపు సంగతి కాదు.

వంశం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రాఘవ గారు తరగతిలో వాడుకోదగిన ఉదాహరణ ఒకటి ఉంది. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందును తప్పించుకునే వి106ఎం అనే మార్పులో వేలిన్ స్థానంలో మిథియోనిన్ రావాలి. సబ్‌టైప్ సిలో ఆ వేలిన్‌కు కోడాన్ (మూడక్షరాల జన్యు సంకేతం) జిటిజి, ఒక్క అక్షరం మారితే ఏటిజి అయి మిథియోనిన్ వచ్చేస్తుంది. సబ్‌టైప్ బిలో అదే వేలిన్‌కు కోడాన్ జిటిఏ, అక్కడ రెండు అక్షరాలు మారాలి. ప్రోటీన్ ఒకటే, మందు ఒకటే, ఒత్తిడి ఒకటే. అయినా అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉన్న బి వైరస్‌కు కష్టమైన దారి మన సి వైరస్‌కు సులభమైంది.

2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) మొదలైన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి మందుల జాబితాలో నెవిరపిన్, ఎఫావిరెంజ్‌లే ఆధారం. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర ఇస్తున్నాము. డోలుటెగ్రావిర్‌ను ఓడించడం వైరస్‌కు చాలా కష్టం. కానీ మాత్ర మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టేవారిలో రక్తంలో మందు స్థాయి సగంసగంగా ఉన్నప్పుడే ఒత్తిడి ప్రమాదకరంగా పనిచేస్తుంది. మందు నిండుగా ఉంటే వైరస్ వృద్ధి చెందదు, వృద్ధి లేనిచోట పరిణామమూ ఉండదు. పనుల కోసం వలసవెళ్లే కుటుంబాలకు ఏ ఊళ్లోనైనా మందులు అందేలా చూడటం గురించి మేము అంతగా పట్టుబట్టేది ఇందుకే.

రాఘవ_కర్నూలు

భారతి గారూ, కోడాన్ ఉదాహరణ రేపే నల్లబల్ల మీదికి ఎక్కుతుంది. చివరిగా ఒకటి అడుగుతాను. జపాన్, బోట్స్‌వానాల వలె మన దేశపు వైరస్‌లోనే వరణం జరిగిందని చూపే పని ఏదైనా ఉందా?

సుభద్ర_వి

ఉంది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్‌లో ఉదయకుమార్ రంగ గారి బృందం 2012లో ప్రచురించిన పని చూడండి. హెచ్‌ఐవీ తన జన్యువులను నడిపించుకోవడానికి మన కణంలోని ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను వాడుకుంటుంది. అది అంటుకునే స్థానాలు సబ్‌టైప్ బి వైరస్‌లో సాధారణంగా రెండు, సబ్‌టైప్ సిలో మూడు. భారతదేశంలో నాలుగు ఉన్న సి వైరస్‌లు బయటపడ్డాయి. 2000-03 మధ్య సేకరించిన నమూనాలలో 1 నుంచి 3 శాతం ఉన్న ఈ రకం, 2010-11 నాటికి 20 నుంచి 30 శాతానికి చేరింది. నాలుగో స్థానం వల్ల వైరస్ జన్యువుల చలనం పెరుగుతుందని, మూడు స్థానాల వైరస్‌తో పోటీలో ఇది గెలుస్తుందని ప్రయోగశాలలో చూపారు.

లెక్కల_మాస్టారు (న్యూజెర్సీ)

మంచి ఉదాహరణ. ఒకే దేశంలో, ఒకే సబ్‌టైప్‌లో, పదేళ్ల వ్యవధిలో, యంత్రాంగం తెలిసిన మార్పు పెరగడం నాకు ఎన్440కె కంటే ఎన్నో రెట్లు బలంగా కనబడుతోంది. అయినా ఇది భారతీయుల జన్యువులకు సర్దుకోవడం అని మాత్రం అనను. ఎన్‌ఎఫ్-కప్పా-బి అందరి కణాలలోనూ ఉండేదే కదా. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగిన రకం అంటే సరిపోతుంది. నేనైతే రెండు పరీక్షలు కోరతాను. మొదటిది, నాలుగు స్థానాలున్న వైరస్‌లు వంశవృక్షంలో ఒకే కొమ్మ నుంచి వచ్చాయా, లేక వేర్వేరు కొమ్మల మీద విడివిడిగా పుట్టి విడివిడిగా పెరిగాయా అన్నది. విడివిడిగా అయితే ఫౌండర్ ప్రభావం వాదన బాగా సన్నగిల్లుతుంది. రెండోది, దంపతులలో ఒకరి నుంచి మరొకరికి సోకిన సందర్భాలలో, ఇచ్చినవారి శరీరంలో రెండు రకాలూ ఉన్నప్పుడు ఏది దాటివెళ్లింది అన్నది.

సుభద్ర_వి

రెండో పరీక్షకు ఇప్పుడు జంటలు దొరకడం కష్టం. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలగానే చికిత్స మొదలవుతోంది, వైరల్ లోడ్ కొలవలేనంతగా తగ్గితే రెండోవారికి లైంగికంగా సోకదు. పాత నమూనాలు ఫ్రీజర్లలో భద్రంగా ఉన్నచోట వెతకాలి. మొదటి పరీక్ష మాత్రం జన్యుక్రమాలతోనే చేయవచ్చు. మీరు లెక్కలు కడతానంటే ప్రచురితమైన క్రమాలను సేకరించే పని నేను చూస్తాను, దానికోసం విడిగా ఒక చర్చ తెరుద్దాం.